తొమ్మిది బి సంతకాలు

మొదట సాకేత్ అడిగాడు.
లెక్కల్లో పదకొండు. నాన్న చూస్తే బెల్టు తీస్తాడు.
"నీ చెయ్యి మంచిగుంటది గదరా, పెట్టరాదూ."
ముషీరాబాద్ టింబర్ డిపోల వెనక
రంపప్పొట్టు కుప్ప మీద కూర్చుని
పాత రసీదు చూస్తూ నాలుగుసార్లు గాల్లో రాసి
ఐదోసారి కార్డు మీద పెట్టాను.
సాకేత్ నా భుజం మీద చెయ్యేశాడు.
అంతకుముందు ఎవరూ వెయ్యలేదు.
అంతే. ఆ చెయ్యి బరువుకే అమ్ముడుపోయాను.

ఆ యేడు తొమ్మిది బి తండ్రులందరినీ
వాళ్ళ సంతకాల్లోనే చూశాను.
సాకేత్ వాళ్ళ నాన్నది మొదలే గానీ చివర ఉండదు,
కదిలిపోతున్న బస్సు ఎక్కుతూ గీసినట్టు ఒక్క గీత.
ముదస్సిర్ వాళ్ళ అబ్బాది కుడి నుంచి ఎడమకి,
చుక్కలన్నీ ఆఖర్న, తీరిగ్గా,
పావురాలకు జొన్నలు చల్లినట్టు.
విక్లిఫ్ వాళ్ళింట్లో అమ్మ పెడుతుంది.
'ఆర్. సుగుణ' కింద రెండు గీతలు,
రెండోది కాగితం చిరిగేంత గట్టిగా.
ఎందుకని వాణ్ణి అడగలేదు.
చెయ్యికి తెలిసిపోయింది.

ఇంటర్వెల్లో ఇరానీ హోటల్ సమోసాలు నాకు ఊరికే.
గల్లీ క్రికెట్లో మొదటి బ్యాటింగ్ నాదే.
నా పేరు పోయి 'పెన్ను' మిగిలింది.
ఇంట్లో ఇంకా "చిన్నోడా" అనే పిలిచేవాళ్ళు,
ఆ పిలుపుకు పలకడం
రోజురోజుకీ ఆలస్యమైంది.

బాపు రంపం మిల్లులో పని.
ఎడమచేతి చూపుడువేలు సగమే.
చీకటిపడ్డాక వస్తాడు, కనుబొమ్మల మీద
టేకు పొట్టు పసుప్పచ్చగా.
"ఎవలతోని తిరుగుతున్నవ్?" అని ఒక్కసారే అడిగాడు.
"మంచోళ్ళే" అన్నాను.
"వాళ్ళను అడిగితె నీ గురించి గట్లనే అంటరా?"
నేను అన్నం కలుపుతూనే ఉండిపోయాను.

హాఫ్ ఇయర్లీలో సైన్సు పోయింది.
అందరి తండ్రుల సంతకాలు పెట్టిన చెయ్యి
బాపుది పెట్టలేకపోయింది.
రాత్రిబడిలో ఆయన నేర్చుకున్నది ఆ ఎనిమిది అక్షరాలే:
గుండెబోయిన ఐలయ్య.
ఒక్కోటి ఒక్కో మొద్దు దించినట్టు దించుతాడు,
'ఐ' దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటాడు.
నా చెయ్యికి వేగమే తెలుసు. ఆ ఆగుడు రాలేదు.
ఆరు కాగితాలు చించి, ఇక విసిగి,
ఆయన ఎట్లా పెడితే బాగుండునో
అట్లా కార్డు మీద పెట్టేశాను.

వసుంధర టీచర్ పట్టేసింది. "మీ నాయిన్ని తీసుకురా."
బాపు మిల్లు బట్టల్లోనే వచ్చాడు.
కిటికీల్లోంచి తొమ్మిది బి అంతా చూస్తోంది.
నేను నా బూట్లకేసి చూస్తున్నాను.
టీచర్ కార్డు జరిపింది. బాపు చాలాసేపు చూశాడు.
కొడతాడనుకున్నాను.
"నాదాని కన్నా ఇదే మంచిగుంది మేడం" అన్నాడు.
ఎవరో నవ్వారు. తర్వాత అందరూ.
విక్లిఫ్ నవ్వలేదని ఇప్పటికీ గుర్తు.

దారిలో మాటల్లేవు. గాంధీ ఆసుపత్రి మలుపులో
వచ్చే బస్సు బోర్డు చదవమన్నాడు.
చదివాను. ఎక్కాము.

ఆ రాత్రి మెలకువ వచ్చి చూస్తే
వంటగది లైటు కింద బాపు.
నా రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలు, పక్కన ఆ కార్డు.
నేను పెట్టిన దొంగ సంతకం చూస్తూ
ఎనిమిది అక్షరాలు, మళ్ళీ ఎనిమిది,
నాలుక కొంచెం బయటపెట్టి,
సగం వేలితో కాగితం కదలకుండా నొక్కి.
పిలుద్దామనుకున్నాను. పిలవలేదు.

ఆఖరు పరీక్షల కార్డు మీద
ఆయనే పెట్టాడు, నా ముందే.
వసుంధర టీచర్ కళ్ళజోడు సవరించుకుని
"మళ్ళీ నువ్వే పెట్టినవ్ గదా?" అంది.
లేదు టీచర్ అన్నాను.
వెనక బెంచీలోంచి ముదస్సిర్,
"అరే పెన్నూ, ఒప్పేసుకో."
సంతకం వైపు చూశాను.
'ఐ' దగ్గర చిన్న ఆగుడు ఉంది.
మిగతాదంతా
అచ్చం నాదే.